చదవని పేజీలకు డబ్బు: ఈ-బుక్ ర్యాంకుల మోసాలు

ఆన్‌లైన్ పుస్తకాల దుకాణంలో ర్యాంకు అమ్మకాల లెక్కగా మొదలై అమ్మకాలకు కారణంగా మారుతుంది. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుకు వెళ్లినవాళ్లు బల్ల మీద పరిచినవి తిరగేస్తారు, నాలుగు పేజీలు చదివి చూస్తారు, షాపాయన్ని అడుగుతారు. ఫోనులో పుస్తకం వెతికేవారికి అంత వెసులుబాటు లేదు. లక్షల పుస్తకాల్లో తెర మీద ముందు కనబడిన పది పదిహేను పేర్లే వాళ్లకు దుకాణం. ఆ పది పదిహేనింటిలో ఏవి ఉండాలో తేల్చేది ర్యాంకు. అమెజాన్ ఈ లెక్కను దాదాపు గంట గంటకూ సవరిస్తుంది. ఎప్పుడో అమ్ముడుపోయిన వెయ్యి కాపీల కంటే ఈ రోజు అమ్ముడుపోయిన యాభైకి అందులో బరువెక్కువ. పైకి వెళ్లిన పుస్తకాన్ని యంత్రమే మరికొందరికి చూపిస్తుంది, వాళ్లలో కొందరు కొంటారు, పుస్తకం ఇంకా పైకి పోతుంది. అందుకే మొదటి నెట్టు డబ్బిచ్చి కొనుక్కోవాలన్న ఆశ పుడుతుంది. ఈ-బుక్ మోసాల్లో చాలావరకు ఆ నెట్టు కోసమే.

ఆ నెట్టు ఎంత చవకో 2016లో ఒక ఉదంతం చూపించింది. బ్రెంట్ అండర్‌వుడ్ అనే అమెరికన్ మార్కెటింగ్ నిపుణుడు తన పాదం ఫొటో తీసి, దాన్నే ఒక పేజీ పుస్తకంగా అమెజాన్‌లో పెట్టాడు. ఎవరూ పెద్దగా చూడని ఒక చిన్న విభాగం ఎంచుకున్నాడు. మూడు కాపీలు పోయేసరికి పుస్తకం ఆ విభాగంలో మొదటి స్థానానికి చేరింది, దాని పక్కన బెస్ట్ సెల్లర్ గుర్తు వెలిసింది. తెలుగు ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడు కనిపించే ‘ఫలానా విభాగంలో నంబర్ వన్’ స్క్రీన్‌షాట్లను ఈ పాదం పక్కన పెట్టి చూడాలి. విడుదల రోజున బంధుమిత్రులు నలభై మంది ఒకే గంటలో కొంటే ఏ చిన్న విభాగంలోనైనా అలాంటి గుర్తు రావచ్చు. అది నేరమేమీ కాదు. కానీ ఆ అంకె చెప్పేది కొన్నవాళ్ల అభిమానం గురించి, పుస్తకం గురించి కాదు.

జాబితాలను వంచడం అచ్చు పుస్తకాల కాలం నుంచీ ఉన్నదే. 1995లో ఒక వ్యాపార గ్రంథాన్ని న్యూయార్క్ టైమ్స్ జాబితాలోకి ఎక్కించడానికి వేలాది కాపీలు గుట్టుగా కొనిపించారని బిజినెస్ వీక్ పత్రిక బయటపెట్టింది. ఆ తర్వాత టోకు కొనుగోళ్లు జరిగినట్టు అనుమానం ఉన్న పుస్తకాల పక్కన ఆ జాబితాలో కత్తి ఆకారపు గుర్తు పెట్టడం మొదలైంది. 2017 ఆగస్టులో ‘హ్యాండ్‌బుక్ ఫర్ మోర్టల్స్’ అనే యువజన నవల న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఉన్నట్టుండి అగ్రస్థానానికి చేరింది. దుకాణాల్లో కాపీలే లేని పుస్తకం మొదటి స్థానానికి ఎలా వచ్చిందని ట్విట్టర్లో రచయితలు, పాఠకులు కూపీ లాగారు. జాబితాకు లెక్కలు పంపే దుకాణాలనే ఎంచుకుని పెద్ద మొత్తాల్లో ఆర్డర్లు పెట్టినట్టు తేలింది. ఒక్క రోజులోపే ఆ పుస్తకాన్ని జాబితా నుంచి తీసేశారు. అచ్చులో ఈ పని చెయ్యాలంటే లక్షలు పెట్టి నిజమైన కాపీలు కొనాలి, వాటిని ఎక్కడో గోదాములో దాచాలి. ఈ-బుక్‌కు ఆ ఖర్చూ లేదు, గోదామూ అక్కర్లేదు.

అసలు కథ 2014 జూలైలో అమెరికాలో మొదలైంది. అమెజాన్ అక్కడ కిండిల్ అన్‌లిమిటెడ్ పేరుతో చందా పథకం తెచ్చింది. నెలకు ఇంత అని కడితే ఎన్ని పుస్తకాలైనా చదువుకోవచ్చు. భారతదేశానికి అది 2015 సెప్టెంబరులో నెలకు 199 రూపాయల చందాతో వచ్చింది. రచయితలకు ఇచ్చే డబ్బు ఒక ఉమ్మడి నిధిలోంచి వస్తుంది. ప్రతి నెలా కంపెనీ నిధి మొత్తాన్ని ప్రకటిస్తుంది, దాన్ని రచయితలందరికీ పంచుతుంది. మొదట్లో పాతిక లక్షల డాలర్లున్న నెలసరి నిధి ఇప్పుడు అయిదు కోట్ల డాలర్లు దాటింది. పంపిణీ సూత్రాన్ని అమెజాన్ మార్చిన ప్రతిసారీ మోసం కూడా రూపు మార్చుకుంది. ఈ విషయంలో అన్నిటికంటే గమనించదగ్గది అదే.

మొదటి సూత్రం ప్రకారం పాఠకుడు పుస్తకంలో పది శాతం దాటితే రచయితకు ఒక చెల్లింపు. రెండు వందల పేజీల నవలైతే ఇరవై పేజీలు చదివించాలి. పది పేజీల కరపత్రమైతే ఒక పేజీ తిప్పితే సరి. డబ్బు మాత్రం రెండింటికీ ఒకటే. దాంతో వంటలు, బరువు తగ్గడం, తొందరగా ధనవంతులు కావడం వంటి విషయాల మీద కరపత్రాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఒక నవలను పది ముక్కలు చేసి అమ్మినవాళ్లూ ఉన్నారు.

2015 జూలై 1 నుంచి సూత్రం మారింది. ఇకపై చదివిన ప్రతి పేజీకీ ఇంత అని లెక్క. మొదటి నెలలో అమెరికాలో పేజీకి సెంటులో సగం కంటే కాస్త ఎక్కువ వచ్చింది. న్యాయమైన పద్ధతిగానే కనిపించింది. అయితే పాఠకుడు నిజంగా ఎన్ని పేజీలు చదివాడో యంత్రానికి తెలియదు, పుస్తకంలో ఎంత దూరం వెళ్లాడో మాత్రమే తెలుసు. మొదటి పేజీలో ‘బహుమతి కోసం ఇక్కడ నొక్కండి’ అని ఒక లింకు పెట్టి, నొక్కినవాణ్ణి చివరి పేజీకి చేరిస్తే మధ్యలో ఉన్నవన్నీ చదివినట్టే జమ అయ్యేవి. ఇక పుస్తకాన్ని ఎంత లావు చేస్తే అంత ఆదాయం. పాత కథలు, ఇతర పుస్తకాలు, గూగుల్ అనువాదంతో పదిభాషల్లోకి తిప్పిన అదే పాఠం, అన్నీ ఒకే సంచిలో కూరేవారు. 2016 ఫిబ్రవరిలో ఒక పాఠకుడి తరఫున ఒక పుస్తకానికి మూడు వేల పేజీలకు మించి చెల్లించబోమని అమెజాన్ హద్దు పెట్టింది. ఆ హద్దు దాకా నింపినా ఒక్కో దొంగ చదువుకు పదమూడు డాలర్ల పైచిలుకు వచ్చేది. మామూలు నవల ఒకటి అమ్మితే వచ్చేదానికి అది ఎన్నో రెట్లు. ఎక్కువ పేజీలు చదివించిన వారికి కంపెనీ విడిగా ఇచ్చే నెలవారీ బోనసులు పై వరుసలో 25,000 డాలర్ల దాకా ఉండేవి, అవీ కొన్నిసార్లు ఇలాంటివారి చేతికే పోయాయి. అదనపు సరుకు పుస్తకంలో పది శాతం మించకూడదన్న నిబంధన 2018లో గానీ రాలేదు.

నష్టం ఎవరిదో తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి. నిధి లక్ష రూపాయలు, నెలలో నిజంగా చదివిన పేజీలు పది లక్షలు అనుకుందాం. పేజీకి పది పైసలు పడుతుంది. మూడు వందల పేజీల నవలను ఒకరు ఆసాంతం చదివితే రచయితకు 30 రూపాయలు. అదే నెలలో దొంగ ఖాతాలు ఇంకో రెండున్నర లక్షల పేజీలు తిప్పితే మొత్తం పన్నెండున్నర లక్షలవుతుంది, పేజీ ధర ఎనిమిది పైసలకు దిగుతుంది. అదే పాఠకుడు అదే నవలను అంతే ఇష్టంగా చదివినా రచయితకు వచ్చేది 24 రూపాయలే. పోయిన ఆరు రూపాయల జాడ ఎక్కడా కనపడదు. ఆ రచయిత ఖాతాలో దొంగతనం జరిగిన గుర్తే ఉండదు, ఈ నెల రేటు కాస్త పడిందన్న మాట తప్ప. చందాదారు కట్టేది ఎలాగూ ఒకటే కాబట్టి కంపెనీ పెట్టెకు వెంటనే చిల్లు పడదు. నష్టపోయినవాడికి తెలియదు, తెలిసినవాడికి నష్టం లేదు. ఈ మోసం ఏళ్ల తరబడి సాగడానికి ఇంతకంటే వేరే కారణం వెతకక్కర్లేదు.

పేజీలు తిప్పడానికి మనుషులే కావాలని లేదు. వరసగా పేర్చిన వందల ఫోన్లలో దొంగ ఖాతాలు తెరిచి పుస్తకాలను అరువు తీసుకునే కేంద్రాలు పుట్టుకొచ్చాయి. వీటినే క్లిక్ ఫారాలంటున్నారు. అరువు తీసుకున్న క్షణంలోనే అది అమ్మకంగా ర్యాంకులోకి ఎక్కుతుంది, చదివారా లేదా అన్నది తర్వాతి మాట. 2017 జూలైలో ఎక్కడో లక్షల స్థానాల అడుగున పడి ఉన్న ఒక పుస్తకం ఉన్నట్టుండి అమెరికా కిండిల్ దుకాణంలో ఒకటో స్థానానికి ఎగబాకింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెజాన్ ఇలాంటి సేవలు అమ్మేవారి మీదా వాడేవారి మీదా మధ్యవర్తిత్వ వ్యాజ్యాలు వేసింది.

కట్టడి చర్యల దెబ్బ మంచివారికీ తగిలింది. దొంగ ఖాతాలు ఒక్క పుస్తకాన్నే అరువు తీసుకుంటే దొరికిపోతాయి కనుక, ముసుగు కోసం సంబంధం లేని రచయితల పుస్తకాలను కూడా కలిపి తిప్పుతాయి. ఆ అమాయకులకు ఒకరోజు కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది: మీ ఖాతాలో అసహజమైన చదువు కనిపించింది, ఆ పేజీలు తీసేస్తున్నాం, మళ్లీ జరిగితే ఖాతా మూసేస్తాం. తాము ఏ సేవా కొనలేదని రుజువు చెయ్యడం ఎలా? చెయ్యనిదానికి రసీదు ఉండదు. 2016లో విషయసూచికను పుస్తకం చివర పెట్టి పేజీల లెక్క పెంచుకునేవారి మీద దాడి జరిగినప్పుడు కూడా, అలవాటు కొద్దీ అలా పెట్టుకున్న నిజమైన రచయితలకు హెచ్చరికలు అందాయి. పెద్ద ప్రచురణకర్తకు మాట్లాడేందుకు కంపెనీలో ఒక మనిషి ఉంటాడు. ఒంటరి రచయితకు మరమనిషి జవాబులే.

ర్యాంకు నిలవాలంటే నెలకో పుస్తకం రావాలి, అంత వేగంగా చాలామంది రాయలేరు. అక్కడినుంచి చౌర్యం మొదలవుతుంది. 2019 ఫిబ్రవరిలో అమెరికన్ రచయిత్రి కోర్ట్నీ మిలన్ తన నవలలోని భాగాలు బ్రెజిల్ రచయిత్రి ఒకరి పుస్తకంలో ఉన్నాయని బయటపెట్టారు. తవ్వేకొద్దీ డజన్ల కొద్దీ పుస్తకాల నుంచి ఎత్తిన వాక్యాలు తేలాయి. అద్దె రచయితలే చేశారని ఆ బ్రెజిల్ రచయిత్రి చెప్పుకున్నారు. అలా వాక్యాలు పోగొట్టుకున్న మరో రచయిత్రి నోరా రాబర్ట్స్ బ్రెజిల్ కోర్టులోనే దావా వేశారు. కృత్రిమ మేధ వచ్చాక అద్దె రచయితల అవసరం కూడా తీరిపోయింది. 2023 వేసవిలో కిండిల్ అన్‌లిమిటెడ్‌లోని ఒక యువజన ప్రేమకథల జాబితాలో పై వరుసల నిండా తలాతోకా లేని యంత్రపు పుస్తకాలు కనిపించాయి. ఆ ఆగస్టులో ప్రచురణ రంగ విశ్లేషకురాలు జేన్ ఫ్రీడ్‌మన్ తను రాయని పుస్తకాలు తన పేరుతో అమెజాన్‌లో అమ్ముడవుతున్నట్టు కనుక్కున్నారు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉందా అని మొదట కంపెనీ ఆమెను అడిగింది. గొడవ బయటికొచ్చాక వాటిని తీసేశారు. సెప్టెంబరులో రెండు నియమాలు వచ్చాయి: ఒక ఖాతా నుంచి రోజుకు మూడు పుస్తకాలకు మించి పెట్టకూడదు, యంత్రం రాసిందైతే కంపెనీకి చెప్పాలి. రోజుకు మూడు పుస్తకాలు రాసే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఇక ఆ చెప్పేది కంపెనీకే, పాఠకుడికి కాదు.

పాఠకుడి నష్టం డబ్బులో చూస్తే కొంచెమే. పల్నాడు మిర్చి రైతుకు ఈ సంగతి వివరించడం తేలిక: నకిలీ విత్తనం ప్యాకెట్ మీద బొమ్మ అసలుదానిలాగే ఉంటుంది, మొలక కూడా వస్తుంది, కాయ రావలసినప్పుడు గానీ సంగతి తెలియదు, ఆ పాటికి ఏడాది పోతుంది. దొంగ ర్యాంకు పుస్తకం తీసుకెళ్లేది చందా డబ్బు కంటే ముందు సాయంత్రాలను, ఆ తర్వాత నమ్మకాన్ని. కథల పుస్తకమైతే విసుగుతో పోతుంది. మందులు, ఆహారం, తినదగిన అడవి పుట్టగొడుగుల వంటి వాటి మీద యంత్రంతో వండిన పుస్తకాలు ప్రాణాల మీదికి తెస్తాయని నిపుణులు 2023లోనే హెచ్చరించారు. రెండుసార్లు మోసపోయినవాడు కొత్త రచయిత జోలికి పోడు, పేరున్నవారి దగ్గరే ఆగిపోతాడు. చిన్న రచయితకు చివరి దెబ్బ అదే.

తెలుగు పుస్తకం ఈ తుపానులో పెద్దగా తడవలేదు. కారణం మన జాగ్రత్త అనుకుంటే పొరపాటు. 2016 చివర్లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చినప్పుడు తెలుగుకు ఇవ్వలేదు. అమెజాన్ నడిపిన ‘పెన్ టు పబ్లిష్’ పోటీలో ఇంగ్లీషు, హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ పోటీలో అమ్మకాలు, పాఠకుల రివ్యూలు చూసి వడపోసి, ఆ తర్వాతే న్యాయనిర్ణేతలకు ఇచ్చేవారు. పరిచయాల బలం ఉన్నవాడికి అలాంటి వడపోత ఎంత అనుకూలమో వేరే చెప్పాలా? దోచుకోవడానికి నిధి లేనిచోటికి దొంగ రాడు, తెలుగు విషయంలో జరిగింది అంతే.

తెలుగు ఈ-బుక్ తన దారి తను వెతుక్కుంది. 2010లో వచ్చిన కినిగె అనే వెబ్‌సైటు పుస్తకాలను అమ్మింది, అద్దెకిచ్చింది, వారం వారం టాప్ టెన్ కూడా చూపించింది. బెంగళూరు నుంచి 2014లో మొదలైన ప్రతిలిపిలో వేలాది మంది తెలుగులో ధారావాహికలు రాస్తున్నారు. వాళ్లలో గృహిణులు, చిన్న ఉద్యోగులు చాలామంది. అక్కడ విలువ ఇచ్చే అంకెలు చదివినవారి సంఖ్య, రేటింగు, ఫాలోవర్లు, పాఠకులు ఇచ్చే కాయిన్లు. ‘నా కథకు అయిదు చుక్కలివ్వండి, మీ కథకు నేనిస్తాను’ అనే వాట్సాప్ గ్రూపుల ఇచ్చిపుచ్చుకోళ్లు నేరం స్థాయికి చేరకపోయినా అంకెలను అరగదీస్తాయి. అందరికీ అయిదు చుక్కలున్నప్పుడు చుక్కలు ఏమీ చెప్పవు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి ఊళ్ల రచయితకు ఈ అంకెలు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అచ్చు దారి ఎలా ఉందో చూడాలి. తెలుగులో స్వీయ ప్రచురణ అంటే చేతి డబ్బుతో అయిదు వందల కాపీలు వేయించి, సగం ఆవిష్కరణ సభలోనూ ఆ తర్వాతా పంచిపెట్టి, మిగతా సగం అటక మీద పెట్టుకోవడమే. పుస్తకాన్ని షాపుల్లో పెట్టాలంటే గుంటూరో విజయవాడో మోసుకుపోవాలి, లెక్క తేలేది ఏ ఏడాదికో. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడింది గానీ పుస్తకాల పంపిణీ పాతదే. ఇలాంటి చోట రాసేవారికి ఫోనులోని ర్యాంకు ఒక్కటే బయటి ప్రపంచానికి తలుపు. ఆ తలుపు దగ్గర దొంగ నిలబడితే హైదరాబాదు రచయిత కంటే మాచర్ల రచయితకు నష్టం ఎక్కువ. పరిచయాలు, సభలు, పత్రికల సమీక్షలు వంటి వేరే దారులు ఆయనకు తక్కువ కాబట్టి.

తెలుగువారికి ర్యాంకుల మోసం పుస్తకాల కంటే ముందు సినిమాల్లో తెలిసింది. 2024 సంక్రాంతికి విడుదలైన ‘గుంటూరు కారం’కు బుక్‌మైషోలో బాట్‌లతో దొంగ ఓట్లు వేయించి రేటింగ్ పడగొట్టారని సైబర్ క్రైమ్ పోలీసుల దాకా ఫిర్యాదు వెళ్లింది. అక్కడ పని తలకిందులు: సొంతదాన్ని ఎక్కించడం బదులు ఎదుటివాడిదాన్ని దించడం. పుస్తకాల్లోనూ ఈ ఆయుధం ఉంది, పోటీ రచయితకు మూకుమ్మడిగా ఒక చుక్క రివ్యూలు వేయించడం అదే.

ఇంకా ఘోరమైన ఉదాహరణ 2023 జూలైలో హైదరాబాదులో బయటపడింది. టెలిగ్రామ్‌లో ‘రేటింగ్ ఇవ్వండి, డబ్బు సంపాదించండి’ అన్న పిలుపుతో ఒకతను చేరాడు. వెయ్యి రూపాయలు పెట్టి అయిదు చుక్కల రేటింగులిస్తే 866 రూపాయలు లాభం వచ్చింది. ఆ తర్వాత ఒక్కో మెట్టుకూ పెట్టుబడి పెంచుతూ పోయి చివరికి 28 లక్షలు పోగొట్టుకున్నాడు. ఆ తీగ లాగితే దేశవ్యాప్తంగా సుమారు పదిహేను వేల మంది దగ్గర 712 కోట్లు కాజేసిన ముఠా దొరికింది. దొంగ రేటింగులు ఇచ్చే పనిని మామూలు ఉద్యోగంలా జనం నమ్మబట్టే ఈ గాలం పనిచేసింది. డిగ్రీ పూర్తి చేసి ఊళ్లో ఖాళీగా ఉన్న కుర్రాడి ఫోనుకు ఇప్పటికీ ఇలాంటి సందేశాలు వస్తూనే ఉన్నాయి. డబ్బు పోయినవెంటనే 1930కి ఫోను చేస్తే సొమ్ము దాటిపోకుండా బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశమూ తగ్గిపోతుంది.

తెలుగు రచయిత ఆదాయాన్ని ఇప్పటికైతే ర్యాంకుల కంటే ఎక్కువగా తింటున్నది పీడీఎఫ్. నవలలు, పోటీ పరీక్షల మెటీరియల్ స్కాన్ చేసి టెలిగ్రామ్ ఛానళ్లలో పడేస్తున్నారు. 2022 ఆగస్టు 30న నీతూ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఛానళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. సర్వర్లు విదేశంలో ఉన్నాయన్న సాకు చెల్లలేదు. రెండు సమస్యలకూ చుట్టరికం ఉంది: దొంగిలించిన పీడీఎఫ్ వేరే పేరుతో అట్ట మార్చుకుని చందా దుకాణంలోకి ఎక్కడం ఎంతో సేపు పట్టదు.

చట్టం వైపు చూస్తే, భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. రివ్యూ రాసింది నిజమైన మనిషేనా అని సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదని అందులో ఉంది. పాటించడం మాత్రం ఐచ్ఛికం, అంటే పాటించేవాడు ఎలాగూ మోసం చేసేవాడు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చెయ్యొచ్చు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం మీద జరిమానాలు విధించే నియమం అమల్లో ఉంది. కానీ ఇవన్నీ రివ్యూల గురించి. ఉమ్మడి నిధిలో దొంగ పేజీల వల్ల వాటా తగ్గిన రచయితకు తనకెంత పోయిందో తెలుసుకునే హక్కు కూడా ఏ చట్టమూ స్పష్టంగా ఇవ్వలేదు. లెక్కల పుస్తకం కంపెనీ దగ్గరే, తనిఖీ కంపెనీదే, తీర్పూ కంపెనీదే.

పోలీసింగ్ కంటే చెల్లింపు పద్ధతి మారడమే గట్టి మందు అనిపిస్తుంది. సంగీతం పంచే సేవల్లో కొన్ని ఈ దారిలో నడిచి చూశాయి. ఒక చందాదారు కట్టిన డబ్బును ఉమ్మడి కుండలో పొయ్యకుండా ఆ మనిషి విన్నవారికే పంచుతాయి. సౌండ్‌క్లౌడ్ 2021లో చిన్న కళాకారులకు ఇది మొదలుపెట్టింది. పుస్తకాలకు ఇదే వర్తిస్తే దొంగ ఖాతా నెలంతా పేజీలు తిప్పినా అది కట్టిన చందా కంటే ఎక్కువ రాబట్టలేదు, మరొకరి వాటా ముట్టుకోలేదు. క్లిక్ ఫారం నడిపితే నష్టమే. ర్యాంకు కోసం చేసే మోసం దీనితో పోదు, నిధి కోసం చేసేది పోతుంది. తెలుగులో చందా పథకాలు ఇంకా పిన్న వయసులో ఉన్నాయి, పంపిణీ సూత్రాలు గట్టిపడలేదు. అద్దె, కాయిన్, విడి అమ్మకం వంటి పద్ధతుల్లో పాఠకుడి రూపాయి నేరుగా తను చదివిన రచయితకే చేరుతుంది. ఉమ్మడి నిధి పెట్టబోయే వేదికను తెలుగు రచయితలు ఒప్పందం మీద సంతకానికి ముందే అడగవలసినవి రెండున్నాయి: నెలనెలా మొత్తం పేజీల లెక్క బయటపెడతారా, అనుమానంతో ఖాతా ఆపితే విచారించేది ఎవరు?